యంత్రగణితమునకు ఓనమాలు

గణకయంత్రమును నడుపు భాషను నేర్చుకొనుట ఉద్యోగార్థుల వ్యవహారమనియు, తక్కిన గృహస్థులకు దానితో ప్రసక్తి లేదనియు మన దేశమున నొక అభిప్రాయము వేరూనియున్నది. హైదరాబాదునందో బెంగుళూరునందో ఒక కంపెనీలో కొలువు, అటుపై అమెరికా ప్రయాణము, ఈ రెండు మెట్లకు నిచ్చెనగనే తల్లిదండ్రులు ఈ విద్యను చూచుచున్నారు. ఇప్పుడా నిచ్చెనయు కదలుచున్నదను భయము పుట్టినది. 2022 నవంబరులో చాట్ జీపీటీ వెలువడినది మొదలు, అడిగినంతనే ప్రోగ్రామును వ్రాసిపెట్టు కృత్రిమమేధా సాధనములు అందఱి చేతులలోనికి వచ్చినవి. యంత్రమే వ్రాయుచుండగా మన బిడ్డలు దీనిని నేర్వనేల యని పలువురు ప్రశ్నించుచున్నారు.

ఈ ప్రశ్న విద్యయొక్క ప్రయోజనమును పొరబడుటచే పుట్టినదని మా యభిప్రాయము. శాస్త్రగణనమున కుపయోగించు భాషలయొక్క ప్రాథమికపాఠము జీతమునకు మాత్రమే నేర్వదగినది కాదు. లెక్క చూచుటకు నేర్వదగినది. వ్రాయువాడు మనుష్యుడైనను యంత్రమైనను, వ్రాసినదానిని చదివి తప్పొప్పులు నిర్ణయింపగల కన్ను ప్రజలలో నుండవలెను. ఆ కన్ను లేనినాడు ఇతరులు చెప్పిన అంకెయే మనకు శాసనమగును.

లెక్క చదువలేని భూస్వామి గతి యెట్టిదో మన గ్రామములకు క్రొత్తగ చెప్పనక్కఱలేదు. 1984 లో ఆంధ్రప్రదేశమున కరణీకము రద్దగువఱకు అడంగలు కరణము చేతిలోనుండెను. చదువనేర్చిన రైతు తన సర్వేనంబరును, విస్తీర్ణమును, శిస్తును సరిచూచుకొనెను. నేర్వనివాడు వ్రేలిముద్ర వేసి ఇంటికి పోయెను. కరణములందఱును చెడ్డవారని మేము చెప్పుటలేదు. ఎంత నిజాయితీపరుడు వ్రాసిన లెక్కలోనైనను తప్పు దొర్లవచ్చును. దానిని పట్టుటకు రెండవవాని చూపు కావలెను. నేడా పుస్తకము గణకయంత్రములోనికి పోయినది. వ్రేలిముద్ర మాత్రము మనవద్దనే మిగిలియున్నది.

ఇది అతిశయోక్తి యనుకొనువారు తమ జీవనమున ఎన్ని సంగతులు యంత్రగణితముపై నాధారపడియున్నవో ఒకసారి లెక్కించిచూతురుగాక. తుపాను ఎచ్చట తీరము దాటునో, ఏ జిల్లాకు వాన వచ్చునో చెప్పునది గణకయంత్రమే. పూనాలోని ఉష్ణమండల వాతావరణశాస్త్ర సంస్థ సిద్ధముచేసిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అను పద్ధతి 2025 మే నెలలో ప్రారంభింపబడినది. అది దేశమును 6 కిలోమీటర్ల గళ్లుగ విభజించి ఒక్కొక్క గడికి వాతావరణమును లెక్కించును. సముద్రమున భూకంపము వచ్చినపుడు సునామీ రాగలదో లేదో నిర్ణయించి హెచ్చరిక చేయు కేంద్రము 2007 నుండి హైదరాబాదులోనే పనిచేయుచున్నది. తుదకు మన పొలము ఎన్ని సెంట్లను సంగతియు ఇట్టి లెక్కలోనికే వచ్చినది.

ఆంధ్రప్రదేశమున 2020 డిసెంబరులో మొదలైన భూముల పునస్సర్వేను పాఠకు లెఱుగుదురు. బ్రిటిషువారి నాటి గొలుసుకొలతకు మాఱుగ డ్రోనులను, ఉపగ్రహ సంకేతములతో పనిచేయు పరికరములను ఉపయోగించిరి. తమ విస్తీర్ణము తగ్గినదని అనేక గ్రామములనుండి ఫిర్యాదులు వచ్చినవి. ఆ ఫిర్యాదులలో నేది న్యాయమో, ఏది కాదో ఇచ్చట మేము తీర్పుచెప్పబోవుటలేదు. పాతకొలతలోనే తప్పుండవచ్చును, క్రొత్తకొలతలోను ఉండవచ్చును. మే మడుగునది వేఱు: క్రొత్తపద్ధతిలో విస్తీర్ణమును ఎట్లు కట్టుదురో రైతుకు తెలిసియున్నదా? తెలిసికొనుట కష్టమా?

ఎంతమాత్రము కష్టము కాదు. నాలుగు మూలల చేనొకటి యున్నదనుకొందము. నైరృతిమూలను మొదలుగ పెట్టుకొని, ఒక్కొక్క మూల దానికి తూర్పుగ ఎన్ని మీటర్లు, ఉత్తరముగ ఎన్ని మీటర్లు ఉన్నదో వ్రాసికొందము. నైరృతికి 0, 0. ఆగ్నేయమునకు తూర్పు 100, ఉత్తరము 0. ఈశాన్యమునకు తూర్పు 120, ఉత్తరము 60. వాయవ్యమునకు తూర్పు 0, ఉత్తరము 80. ఇక ఈ మూల తూర్పుదూరమును తరువాతి మూల ఉత్తరదూరముచే గుణింపవలెను; ఆ లబ్ధమునుండి, తరువాతి మూల తూర్పుదూరమును ఈ మూల ఉత్తరదూరముచే గుణించినదానిని తీసివేయవలెను. ఇట్లు చుట్టును తిరిగి మొదటి మూలకు వచ్చువఱకు చేసి, వచ్చినవానిని కూడి, సగము చేసినచో అదియే విస్తీర్ణము. మన చేనికి వరుసగ 0, 6,000, 9,600, 0 వచ్చును, మొత్తము 15,600, సగము 7,800 చదరపు మీటర్లు. సెంటుకు 40.47 చదరపు మీటర్లు గనుక ఒక ఎకరము, దాదాపు 93 సెంట్లు.

ఎదురెదురు భుజముల సగటులను గుణించు పాతపద్ధతి మన పల్లెలలో అలవాటైనది. ఆ పద్ధతిలో ఇదే చేనికి సుమారు 7,938 చదరపు మీటర్లు వచ్చును. అనగా మూడు సెంట్లకు పైగా ఎక్కువ. ఆ సూత్రము స్థూలమే యని క్రీ. శ. 628 లో బ్రహ్మస్ఫుటసిద్ధాంతము రచించిన బ్రహ్మగుప్తుడు అప్పుడే హెచ్చరించియున్నాడు. కనుక విస్తీర్ణము తగ్గిన ప్రతిచోటను మోసమే జరిగినదనుట సరికాదు. తగ్గినదెల్ల యంత్రము చెప్పినది గనుక సత్యమే యనుటయు సరికాదు. ఏది ఏదో తెలియుటకు లెక్క చదువుటయే మార్గము.

పైని చెప్పిన గణితమును పైథాను అను భాషలో అయిదాఱు పంక్తులలో వ్రాయవచ్చును. ఆ అయిదాఱు పంక్తులలో శాస్త్రగణనమునకు కావలసిన మొదటిపాఠములన్నియు ఇమిడియున్నవి. తూర్పుదూరముల కొక పేరు, ఉత్తరదూరముల కొక పేరు పెట్టుట మొదటిది. ఆ పేరు వెనుక ఒక్క అంకె గాక అంకెల వరుసయే యుండుట రెండవది. ఒకేపనిని మూలమూలకును మరల మరల చేయించుట మూడవది. చివరిమూలకు వచ్చినపుడు మొదటిమూలకు తిరుగుమను నియమము నాల్గవది. ఈ పని యంతటికి ఒక పేరు పెట్టి, ఏ చేనికైనను ఉపయోగించునట్లు చేయుట అయిదవది. వచ్చిన ఫలమును రేఖాపటముగ గీయించి కంటితో చూచుట ఆఱవది. ఈ ఆఱింటిని ఎఱిగినవాడు అక్షరాభ్యాసము ముగించినట్లే. ఆపై వానలెక్కకైనను, కాలువ ప్రవాహమునకైనను, గ్రహముల గతికైనను మూలము ఇదియే.

అక్షరాభ్యాసముతోపాటు మూడు జాగ్రత్తలును నేర్పవలెను. ఇవి నేర్పనిచో విద్య వచ్చియు రానిదే యగును.

మొదటిది ఎంచుటను గుఱించినది. పైథాను వరుసలోని మొదటి అంకెను ఒకటియని గాక సున్నయని ఎంచును. అవధిని చెప్పినపుడు చివరి సంఖ్యను కలుపుకొనదు. ఫోర్ట్రాను, ఆక్టేవు, జూలియా అను భాషలు సామాన్యముగ ఒకటినుండియే ఎంచును. ఈ భేదము మఱచినవాడు చివరి వస్తువును తఱచుగ జాఱవిడుచును. మన చేనిలెక్కలో వాయవ్యమునుండి నైరృతికి తిరిగివచ్చు చివరి మెట్టును జాఱవిడిచినాడనుకొందము. ఫలమేమగును? ఏమియు కాదు! ఆ మెట్టుకు వచ్చినది సున్న గనుక 7,800 చదరపు మీటర్లే వచ్చును. ప్రోగ్రాము సరిగనున్నదని అందఱును సంతోషింతురు. కాని కొలత మొదలుపెట్టు రాతిని చేనికి వెలుపల, పడమరకు 10 మీటర్లు, దక్షిణమునకు 10 మీటర్లు జరిపి, అదే చేనిని మరల లెక్కింపుడు. సరియైన ప్రోగ్రాము మునుపటివలెనే 7,800 చెప్పును. చివరి మెట్టు జాఱినది 8,200 చెప్పును. చేను కదలలేదు, గట్టు కదలలేదు, రాయి జరిగినంతనే దాదాపు పది సెంట్లు పెరిగినవి. పది సెంట్లకై అన్నదమ్ములు న్యాయస్థానముల చుట్టు తిరుగుట మన మెఱుగనిది కాదు.

ఇట్టి తప్పు చిన్నవారికే గాదు, జగద్విఖ్యాతులకును తటస్థించినది. హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు 2010 లో ఒక వ్యాసము ప్రకటించిరి. ప్రభుత్వఋణము దేశాదాయమున నూటికి తొంబదిని మించిన దేశములలో అభివృద్ధి సగటున మైనస్ 0.1 శాతమని అందు తేలినది. యూరపు, అమెరికాలలో ప్రభుత్వవ్యయమును తగ్గింపవలెనని వాదించినవారికి ఆ యంకె ఆయుధమైనది. 2013 లో మాసచుసెట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ హెర్న్‌డన్, వారినుండియే లెక్కల పట్టికను తెప్పించుకొని చూడగా, సగటు కట్టినపుడు ఇరువది దేశములలో అయిదు దేశముల వరుసలు జాఱిపోయియున్నవి. కొన్ని సంవత్సరముల అంకెలు చేరకపోవుట, సగటు కట్టిన పద్ధతి మొదలగు ఇతరకారణములును సరిచూడగా, ఆతడును ఆతని అధ్యాపకులును కట్టిన సగటు 2.2 శాతమైనది. వరుసలు జాఱిన మాటను రచయితలు ఒప్పుకొనిరి. తమ ముఖ్యాభిప్రాయమును మాత్రము విడువలేదు. ఆ వాదమెట్లున్నను, మూడేండ్లు మంత్రులు సభలలో ఉదాహరించిన అంకెను ఒక విద్యార్థి చదివి ప్రశ్నింపగలిగెను. చదువుటకు పట్టిక దొరకుట, చదువగల విద్య యుండుట, ఈ రెండును కూడినందుననే అది సాధ్యమైనది.

రెండవ జాగ్రత్త యంత్రమునకు అంకె లెట్లుండునను విషయము. మన మూడవవంతును దశాంశములలో వ్రాయబూనిన 0.333 అని అంతులేక సాగును. యంత్రము రెండంకెలతోనే పనిచేయునది గనుక దానికి పదవవంతు అట్టిదే. కావుననే పైథానును 0.1 కి 0.2 కూడుమన్నచో 0.3 అని చెప్పక, 0.30000000000000004 అని చెప్పును. క్రొత్తవారు చూచి నవ్వుదురు. కాని 1991 ఫిబ్రవరి 25 న సౌదీ అరేబియాలోని దహ్రానునందు ఈ పదవవంతే ప్రాణములు తీసినది. అచ్చటి పేట్రియటు క్షిపణిరక్షణ యంత్రము కాలమును సెకనులో పదవవంతులుగ ఎంచుచుండెను. నూఱుగంటలు ఎడతెగక నడచునప్పటికి ఆ సూక్ష్మదోషము పోగై 0.34 సెకను తేడా వచ్చెను. అంతలో వచ్చుచున్న క్షిపణి అరకిలోమీటరుకు పైగా సాగిపోవును. యంత్రము దానిని గుఱించలేదు. 28 మంది అమెరికను సైనికులు మరణించిరి.

మూడవ జాగ్రత్త పరీక్షించుట. జవాబు ముందే తెలిసిన చిన్నలెక్కను ఇచ్చి చూడవలెను. చతురస్రపు చేనిని ఇచ్చి చూడవలెను. రాయిని జరిపి చూడవలెను. మారరానిది మారినదేమో గమనింపవలెను. ఈ మూడవదాని యందే కృత్రిమమేధను గుఱించిన ప్రశ్నకు జవాబున్నది. అది క్షణములో ప్రోగ్రాము వ్రాయుననుట నిజము. తఱచుగ సరిగనే వ్రాయును. తప్పు వ్రాసినపుడును అంతే ధైర్యముగ వ్రాయును. చివరి మెట్టు జాఱినదని కనిపెట్టుటకు, కొలతరాయిని జరుపుమని ఆజ్ఞాపించుటకు లెక్క తెలిసినవాడు కావలెను. గుమాస్తా వేగముగ వ్రాయుకొలదిని యజమాని మఱింత జాగరూకుడై చదువవలసియుండునుగాని, చదువు మానదగునా?

అయిన ఏ భాషతో మొదలుపెట్టవలెనను ప్రశ్న వచ్చును. ఐబీఎం కంపెనీలో జాన్ బాకస్ నాయకత్వమున సిద్ధమై 1957 లో వెలువడిన ఫోర్ట్రాను ఈ వంశమునకు పెద్ద. ప్రపంచమునందలి వాతావరణ నమూనాలు పెక్కింటికి నేటికిని అదియే ఆధారము. ఫోర్ట్రాను నేర్వకయే తన విద్యార్థులు మాత్రికాగణితము చేసికొనుటకై న్యూమెక్సికో విశ్వవిద్యాలయమున క్లీవ్ మోలర్ 1970 దశాబ్దపు చివర మాట్‌ల్యాబును నిర్మించెను. 1984 లో దాని కొక కంపెనీ యేర్పడి, అప్పటినుండి లైసెన్సుపై విక్రయింపబడుచున్నది. దానిని పోలిన ఆక్టేవును 1992 లో జాన్ ఈటన్ ఆరంభించి లోకమునకు ఉచితముగ నిచ్చెను. ఫ్రాన్సుదేశపు పరిశోధనాసంస్థలో పుట్టిన సైల్యాబును ఉచితమే. హాలెండులో గీడో వాన్ రోసమ్ నిర్మించి 1991 లో వెలువరించిన పైథానునకు, 2006 లో నమ్‌పై అను గణితభాండారము తోడైన పిమ్మట, శాస్త్రజ్ఞులలో మిక్కిలి వ్యాప్తి కలిగినది. 2012 లో ప్రకటితమైన జూలియాను నిర్మించిన నలువురిలో భారతీయుడైన విరల్ షా ఒకడు.

వీనిలో దేనితో మొదలిడినను నష్టములేదు. మేము చెప్పిన ఆఱు పాఠములు అన్నిటను ఒక్కటియే. అయినను ప్రజాధనముతో నడచు కళాశాలలు ఉచితమైన, లోపలిభాగమును విప్పి చూపు భాషలనే మొదటిపాఠమునకు గ్రహించుట ఉచితమని మా మతము. కొనుగోలు సాధనములు చెడ్డవని కాదు. పరిశ్రమలలో వానికి స్థానమున్నది. కాని పట్టముతోపాటు సాధనమును పోగొట్టుకొను విద్యార్థి, ఇంటికి వచ్చిన తరువాత దేనితో లెక్కకట్టును? పైథానో ఆక్టేవో యైనచో పాత కంప్యూటరు ఒకటి యున్న గ్రామగ్రంథాలయమునందును పని జరుగును.

ఇంగ్లీషు రానిదే ఈ విద్య అలవడదను మాటయు విచారింపదగినది. పైథానునందు మార్చరాని స్థిరపదములు 35 మాత్రమే. మన అక్షరమాలలోని 56 అక్షరములకంటె తక్కువ. తక్కిన పేర్లన్నియు వ్రాయువాని ఇష్టము. 2008 లో ఆ భాషయొక్క మూడవ రూపము వెలువడిననాటినుండి ఆ పేర్లను తెలుగులిపిలోనే వ్రాయవచ్చును. విస్తీర్ణము, తూర్పు, ఉత్తరము, మూల అను పేర్లతోనే మన చేనిలెక్కను యంత్రమునకు చెప్పవచ్చును. బొంబాయి ఐఐటీవారు కేంద్రప్రభుత్వ సహాయమున స్పోకెన్ ట్యుటోరియల్ అను పేర, ఉచిత సాధనములపై చిన్నచిన్న పాఠములను తెలుగు సహితముగ భారతీయభాషలలో వినిపించుచున్నారు. దారి యున్నది; నడచువారు చాలరు.

నేడు కళాశాలలలో జరుగుచున్న బోధన చాలవఱకు ఈ దారిని పట్టలేదనుట విచారకరము. విద్యార్థి రికార్డుపుస్తకములో ప్రోగ్రామును చూచి వ్రాసి, పరీక్షనాడు వల్లించి, మఱునాడు మఱచుచున్నాడు. పద్యమును వల్లించిన నోటికైన వచ్చును. ప్రోగ్రామును వల్లించిన దానివలన ప్రయోజనమేమి? అర్థము తెలియని వల్లెయు, అర్థము తెలియని యంత్రలేఖనమును ఒక్కటియే. అందుచే మేము మూడు సూచనలు చేయుచున్నాము.

ఇంటర్మీడియటు, డిగ్రీ తరగతులలో ఏ శాఖ చదువువారికైనను ముప్పదిగంటల ప్రాథమికపాఠము నుంచవలెను. అందలి లెక్కలు ఊరివి కావలెను: చేనివిస్తీర్ణము, మండలపు వర్షపాతము, చెఱువునీటి మట్టము, ధాన్యము దిగుబడి. రెండవది, పరీక్షలో ప్రోగ్రాము వ్రాయుమనుటకు బదులు, తప్పున్న ప్రోగ్రామునిచ్చి ఆ తప్పెచ్చటనో, దానిని పట్టు పరీక్షయేదో చెప్పుమనవలెను. కృత్రిమమేధ వచ్చిన తరువాత పరీక్షింపదగిన సామర్థ్యమిదియే. మూడవది ప్రభుత్వమునకు సంబంధించినది. ప్రజల ఆస్తిని, పన్నును, పరిహారమును నిర్ణయించు అంకెను ప్రకటించునపుడు, ఆ అంకె యెట్లు వచ్చినదో చూపు లెక్కనుకూడ ప్రకటింపవలెను. రైతుకు విస్తీర్ణము మాత్రమేగాక మూలల కొలతలును, కట్టిన పద్ధతియు పట్టాతోపాటు అందవలెను.

ఈ కోరిక అసాధ్యమని అధికారు లనవచ్చును. 2016 ఫిబ్రవరిలో లిగో శాస్త్రజ్ఞులు గురుత్వతరంగములను కనుగొంటిమని ప్రకటించినపుడు, సుమారు 130 కోట్ల కాంతిసంవత్సరముల దూరమున రెండు కృష్ణబిలములు కలియుటచే పుట్టిన ఆ కంపనపు అంకెలను, వానిని పరిశీలించు పైథాను లెక్కలను లోకమున కందఱికి ఇచ్చివేసిరి. ఏ విద్యార్థియైనను ఇంట కూర్చుండి ఆ లెక్కను తిరిగి చేసికొనవచ్చును. అంతరిక్షపు లెక్కను విప్పిచూపుట సాధ్యమైనపుడు, మన ఊరి మెట్టచేని లెక్కను విప్పిచూపుట అసాధ్యమెట్లగును?

అందఱును ప్రోగ్రాములు వ్రాయువారు కావలెనని మే మనుటలేదు. వైద్యవిద్య నేర్వకయే కాచిన నీరు త్రాగవలెనని తెలిసికొన్నాము; న్యాయవాదులము కాకయే దస్తావేజు చదివి సంతకము చేయుచున్నాము. యంత్రగణితమునను ఆపాటి తెలివి చాలును. ఊరికి పదిమంది యువకులు, నలుగురు ఉపాధ్యాయులు, ఇద్దఱు ముగ్గురు పెద్దలు ఈ ఓనమాలు దిద్దినచో, ఆ యూరిలో లెక్క ప్రకటించువాడు ఒకటికి రెండుమార్లు సరిచూచుకొని మఱి ప్రకటించును. చదువగలవారున్నారన్న ఎఱుకయే లెక్కను సగము సరిచేయును. తక్కిన సగమును సరిచేయుటకు, కొలతరాయిని పది మీటర్లు జరిపి మరల కట్టిచూపుమని అడుగగల గొంతు కావలెను. ఆ గొంతు మన బిడ్డల కబ్బునట్లు చేయుట మన విధి.